మీ ఫోన్‌లో మీ వీధి ఉందా? విశాఖ వన్‌టౌన్‌లో ఒక ఇంటి కోసం వెతుకులాట

ఈరోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకు ఒక చిన్న పని. వీడియో పాజ్ చేసి, ఫోన్‌లో గ్యాలరీ తెరవండి. మీరు ఉండే వీధి ఫొటో ఒక్కటి వెతకండి. సెల్ఫీలో వెనకాల పడింది కాదు. వీధి కోసమే, వీధిని చూసి తీసిన ఫొటో.

దొరికిందా? నేనూ వెతికాను. నా ఫోన్‌లో 14 వేల పైచిలుకు ఫొటోలున్నాయి. ఆర్కే బీచ్‌లో సూర్యోదయాలే నాలుగైదు వందలుంటాయి. మా వీధివి మాత్రం 6 దొరికాయి. అందులో 4 నా పాత బండి అమ్మకానికి పెట్టినప్పుడు తీసినవి. ఒకటి నీళ్ల పైపు పగిలినప్పుడు తీసింది. ఇంకోటి పొరపాటున వేలు తగిలి పడింది. పాతికేళ్లుగా నడుస్తున్న వీధికి నేను ఇచ్చిన లెక్క అదీ.

ఈ లెక్క నేను ఊరికే తీయలేదు. మా అమ్మమ్మ వల్ల తీయాల్సి వచ్చింది.

అమ్మమ్మకి 78 ఏళ్లు. గ్లకోమా ఉంది. అంటే చూపు అంచుల నుంచి మెల్లగా తగ్గుతూ వస్తుంది. ఉన్న చూపుని మందులతో కాపాడుకోవచ్చు గానీ, పోయింది మాత్రం తిరిగి రాదు. డాక్టరు ఆ మాట చెప్పిన సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుని, "నన్ను ఓసారి వన్‌టౌన్ తీసుకెళ్తావేటి నాన్నా? నేను కాపురానికొచ్చిన ఇల్లు చూసి రావాల. కళ్లు కనిపిస్తన్నప్పుడే" అంది.

నేను చాలా తేలిక అనుకున్నాను. క్యాబ్ బుక్ చేస్తే 20 నిమిషాల దూరం. కానీ ఇల్లు ఎక్కడ? అది అద్దె ఇల్లు. 1987లో ఖాళీ చేసి సీతమ్మధార వైపు వచ్చేశారు. మన పేరు మీద ఒక్క కాగితం లేదు. పాత ఉత్తరాల మీద డోర్ నంబర్ ఉండేదట, ఆ ఉత్తరాల పెట్టె హుద్‌హుద్‌లో తడిసి ముద్దయిపోయింది. తాతయ్య లేరు. అమ్మమ్మకి గుర్తున్నది "కోటవీధి పక్క సందు, తూర్పు ముఖం ఇల్లు, ఎదురుగా కొట్టు" అంతే.

వెళ్లాం. కోటవీధి చుట్టుపక్కల సందులన్నీ తిరిగాం. ఒక్కచోటా ఆమె ఆగలేదు. నా చెయ్యి పట్టుకుని, "ఇది కాదు బాబూ... ఇదీ కాదు" అంటూ నడిచింది. చివరికి పాత పోస్టాఫీసు దగ్గర టీ తాగి వెనక్కి వచ్చేశాం. దారంతా ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రే నాకు ఒక డౌట్ వచ్చింది. మనం వీధుల ఫొటోలు ఎందుకు తీయం? ఇది మన తరం జబ్బా, లేక మొదటి నుంచీ ఇంతేనా?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1838. పారిస్‌లో డాగేర్ అనే ఆయన తన కిటికీలోంచి కింద రోడ్డుని ఫొటో తీశాడు. బాగా రద్దీగా ఉండే రోడ్డు అది. బండ్లు, గుర్రాలు, జనం. కానీ ఫొటోలో రోడ్డు ఖాళీగా ఉంటుంది! ఎందుకంటే అప్పట్లో ఒక ఫొటో పడాలంటే వెలుతురు కొన్ని నిమిషాల పాటు ప్లేటు మీద పడుతూనే ఉండాలి. కదిలేవాళ్లెవరూ అందులో నిలవరు. ఒక మూల మాత్రం ఒక మనిషి నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడు. కదలకుండా నిలబడ్డాడు కాబట్టి ఆయన పడ్డాడు. ఫొటోలో మనిషి కనిపించడం అదే మొదటిసారని చరిత్రకారులు చెబుతారు. రాజు కాదు, సైన్యాధిపతి కాదు. వీధిలో బూట్లు తుడిపించుకుంటున్న ఎవరో ఒకాయన. పేరు కూడా తెలీదు.

అంటే ఫొటోగ్రఫీ పుట్టిందే వీధిలో. కానీ త్వరగానే స్టూడియోకి వెళ్లిపోయింది. డబ్బున్నవాళ్లు, దర్బార్లు, గుళ్లు, కోటలు. వీధి ఎవరికి కావాలి?

ఒకాయనకి కావాల్సి వచ్చింది. పేరు అజే. ఈయనా పారిస్ వాడే. 1890ల చివర్నుంచి 1927లో చనిపోయేదాకా, బరువైన చెక్క కెమెరా, గాజు ప్లేట్లు మోసుకుంటూ తెల్లవారుజామున పాత పారిస్ వీధుల్లో తిరిగాడు. కొట్ల ముందరి అద్దాలు, గుమ్మాలు, మెట్లు, చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్లు. ఆర్టిస్ట్‌నని చెప్పుకోలేదు. బొమ్మలేసేవాళ్లకీ, లైబ్రరీలకీ, మ్యూజియాలకీ ఆ ఫొటోలు అమ్ముకుని బతికాడు. ఆయన పోయాక మిగిలిన ప్లేట్లని బెరెనిస్ ఆబట్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ కొని కాపాడింది. 1968లో న్యూయార్క్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియం వాటిని తీసుకుంది. ఆయన తీసిన చాలా మూలలు ఇవాళ పారిస్‌లో లేవు, ఫొటోల్లోనే ఉన్నాయి.

మన వన్‌టౌన్‌కి ఒక అజే లేడు. మరి ఏముంది? పేర్లున్నాయి ఫ్రెండ్స్. కోటవీధి. ఇప్పుడక్కడ కోట కనిపించదు, కానీ పేరు ఉంది. బురుజుపేట. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ఉన్న పేట. బురుజు అంటే కోట గోడకి కాపలాగా కట్టే గుండ్రటి దిమ్మ. దిమ్మ పోయింది, పేటకి పేరు మిగిలింది. సోల్జర్‌పేట. పేరులోనే సిపాయిలున్నారు. కెమెరాలు లేని రోజుల్లో జనం నోటితో తీసుకున్న ఫొటోలవి.

ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1680ల్లో ఇక్కడ సరుకుల గిడ్డంగి పెట్టారు. దాని చుట్టూ చిన్న కోట, దాని చుట్టూ ఊరు. ఈ ఊళ్లోనే 1780 అక్టోబర్ 3న ఒక పెద్ద గొడవ జరిగింది. హైదరాలీతో యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమని కంపెనీ సిపాయిలకి ఆర్డరేసింది. సిపాయిలు ఎక్కం అన్నారు, తుపాకులు తిప్పారు, తెల్ల అధికారులు చచ్చిపోయారు. 1857 కంటే 77 ఏళ్ల ముందు! మన స్కూలు పుస్తకంలో నాకైతే ఈ పాఠం కనిపించలేదు. మీకు కనిపించిందా?

అప్పట్లో ఊరంటే వన్‌టౌనే. సెయింట్ అలోషియస్ స్కూలు 1847 నాటిది. బొబ్బిలి రాజావారి డబ్బుతో కట్టిన టౌన్ హాల్ సముద్రం వైపు ఉంది. కురుపాం మార్కెట్ ఉంది. హార్బర్ కాలవ పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్న కొండని రాస్ హిల్ అంటారు. 1860ల్లో రాస్ అనే తెల్లదొర అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత ఆ ఇల్లే ప్రార్థనా మందిరం అయింది. ఈ కొండని కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత 1933. బురద నేలని తవ్వి, సముద్రంలో రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అలలకి అడ్డుగోడలా పెట్టి, పోర్టు కట్టారు. ఆ ఏడాది అక్టోబర్ 7న 'జలదుర్గ' అనే ఓడ లోపలికొచ్చింది. ఊరి తలరాత ఆ రోజుతో మారింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం ఇళ్లకి తాళాలేసి పల్లెలకి పారిపోయారు. మా తాతయ్య అప్పుడు చంటిపిల్లాడు. నేను వెతుకుతున్న ఈ ఇంటికే తాళం వేసి, వాళ్లమ్మ ఆయన్ని చంకనేసుకుని చోడవరం పక్కన చుట్టాల ఊరెళ్లిపోయిందట. కొన్నాళ్లకి తిరిగొస్తే తాళం వేసినట్టే ఉందట. ఆ కథ నాకు వందసార్లు చెప్పుంటారు. ఇల్లెక్కడుందో మాత్రం నేను ఒక్కసారీ అడగలేదు.

తర్వాత షిప్‌యార్డు, నేవీ, స్టీల్ ప్లాంటు. ఉద్యోగాలతో పాటు ఊరు కూడా ఉత్తరానికి, పడమటికి జరిగిపోయింది. ద్వారకానగర్, ఎంవీపీ, మధురవాడ. వన్‌టౌన్ వెనకబడిపోయింది. ఒకరకంగా అదే దాన్ని కాపాడింది. పడగొట్టి కట్టేంత డబ్బు అటువైపు వెళ్లలేదు. ఇప్పుడు వెళుతోంది. మేం తిరిగిన రోజే మూడు చోట్ల పెంకుటిళ్లు కూలుస్తున్నారు.

సరే, మళ్లీ ఇంటి దగ్గరికి వద్దాం. మా అమ్మ ట్రంకు పెట్టెలోంచి ఒక ఫొటో తీసింది. 1983 మే నెల. తాతయ్య చెల్లెలి పెళ్లయిన మర్నాడు ఉదయం ఇంటి ముందు వీధిలో తీసిన గ్రూప్ ఫొటో. 23 మంది ఉన్నారు. అందరూ వాళ్ల మొహాలు చూసుకుని ఆల్బమ్‌లో పెట్టేశారు. 40 ఏళ్లలో ఆ ఫొటో వెనకాల ఏముందో చూసినవాళ్లు లేరు.

నేను దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెద్దది చేశాను. బీటెక్ చదివిన బుర్ర కదా, డీబగ్గింగ్ మొదలుపెట్టాను. ఒకటి: ఫొటోలో ఎడమ పక్క పైన ఒక కొండ, దాని మీద తెల్లటి కట్టడం. రాస్ హిల్ చర్చి. ఆ మూడు కొండలూ వన్‌టౌన్‌కి దక్షిణం వైపున్నాయి. అంటే కెమెరా దక్షిణం వైపు చూస్తోంది. రెండు: మనుషుల నీడలు కుడివైపు పడ్డాయి. దక్షిణం వైపు తిరిగి నిలబడితే మనకి ఎడమ చేతి వైపు తూర్పు. ఉదయపు ఎండ అటు నుంచి వస్తే నీడలు కుడికే పడాలి. సరిపోయింది. మూడు: ఇంటి అరుగు ఫొటోలో కుడి పక్కన ఉంది. అంటే వీధికి పడమటి వైపు ఇల్లు, తూర్పు ముఖం. అమ్మమ్మ చెప్పింది కరెక్టే!

నాలుగు: ఎడమ అంచున సగం తెగిపోయిన ఒక బోర్డు. "...యణ స్టోర్స్" అని ఉంది. ముందు అక్షరాలు ఫ్రేములోకి రాలేదు.

మర్నాడు ఒక్కడినే వెళ్లాను. ఉత్తర దక్షిణాలుగా ఉన్న సందులు మాత్రమే చూశాను. ఇప్పుడు మధ్యలో మేడలు లేచాయి కాబట్టి వీధిలోంచి చర్చి కనిపించదు. ఇళ్లవాళ్లని అడిగి డాబాలెక్కాను. రెండు సందుల్లోనే లెక్క కుదిరింది. రెండో సందులో ఒక పెద్దాయన టైలర్ షాపు ఉంది. ఫొటో చూపించాను. కళ్లజోడు పైకి తోసి చూసి, "ఇది నారాయణ స్టోర్స్ కదేటి! మా నాన్న ఖాతా ఉండేది అక్కడ" అన్నాడు. కొట్టు ఉన్న చోటు చూపించాడు. దాని ఎదురుగా, పడమటి వైపు, నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు.

ఇల్లు లేదు ఫ్రెండ్స్. ఎప్పుడో పడగొట్టేశారు. పక్కింటి అరుగు మాత్రం సగం ఉంది. ఫొటోలో కనిపిస్తున్న అదే అరుగు, అదే గుండ్రటి అంచు.

అమ్మమ్మకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్పాను. "అయితే ఏటి, తీసుకెళ్లు" అంది.

వెళ్లి ఆ అరుగు మీద కూర్చుంది. చేత్తో ఆ అంచు తడిమింది. అపార్ట్‌మెంటు వైపు చూడనే లేదు. వీధి వైపు తిరిగి, "అక్కడ కుళాయి ఉండేది. పొద్దున్నే బిందెల లైను. ఈ చివర్నుంచి జాలరోళ్ల ఆడోళ్లు చేపల గంపల్తో వచ్చేవోరు. ఆ మేడ దగ్గర వేపచెట్టు" అని ఒక్కోటీ చెప్పుకుంటూ పోయింది. నేను రికార్డు చేశాను, 47 నిమిషాలు. తర్వాత నేను ప్రింట్ తీసుకెళ్లిన ఫొటో ఇచ్చాను. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వింది. "ఆ ఫొటో తీసినాయన్ని మీ తాతయ్య తిట్టేరు తెలుసా? మనుషుల్ని తియ్యమంటే కొట్టూ కొండా అన్నీ తీసేసేడని. పావలా వంతు ఫొటో వేస్టు చేసేడని."

ఆ వేస్టు చేసిన పావలా వంతే మమ్మల్ని అక్కడిదాకా తీసుకొచ్చింది. తాతయ్య అన్నదీ తప్పు కాదులెండి. అప్పుడు రోలుకి 36 ఫొటోలు. రోలుకి డబ్బులు, కడిగించడానికి డబ్బులు, ప్రింటుకి డబ్బులు. కొట్టు మీద, కొండ మీద ఎవరు ఖర్చుపెడతారు? మరి మనకి ఏం అడ్డం? మనకి ఫొటో ఫ్రీ కదా! అయినా మనం కూడా మొహాలే తీస్తున్నాం.

పోనీ గూగుల్ తీస్తుందిలే అనుకుంటున్నారా? మన దేశంలో స్ట్రీట్ వ్యూ సరిగ్గా మొదలైందే 2022లో. మొదట పెట్టిన 10 ఊళ్లలో వైజాగ్ లేదు. అమెరికాలో కొన్ని ఊళ్లలో 2007 నుంచి వీధులు ఎలా మారాయో వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. మన ఊళ్లకి ఆ వెనకటి కాలం ఖాళీ. దాన్ని ఎవరైనా నింపగలరంటే మన పాత ఫోన్లే.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. నేను అప్పుడు బీటెక్ ఫస్టియర్. మర్నాడు బయటికొస్తే ఊళ్లో చెట్లన్నీ పడిపోయి ఉన్నాయి. కరెంటు లేదు. ఫోన్లో ఉన్న కాస్త చార్జింగ్‌తో అందరం పడిపోయిన చెట్ల ఫొటోలు తీశాం. నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆ చెట్లు నిలబడి ఉన్నప్పటి ఫొటో? మా కాలేజీ రోడ్డు నీడలో ఎలా ఉండేదో చూపించే ఫొటో? మా బ్యాచ్ గ్రూపులో అడిగాను, ఎవరి దగ్గరా లేదు. పోయాక తీస్తాం. ఉండగా తీయం.

అందుకే మీకు ఒక పని చెబుతున్నా. ఇంజినీర్‌ని కాబట్టి కొంచెం పద్ధతిగా చెబుతా.

వీధి చివర నిలబడి ఒకటి, మధ్యలో రెండు వైపులా ఒక్కోటి, ఇంకో చివర నుంచి ఒకటి తీయండి. ఫోన్ అడ్డంగా పట్టుకోండి. కొట్ల బోర్డులు పూర్తిగా పడనివ్వండి, సగం బోర్డుతో నేను పడ్డ పాట్లు మీకొద్దు. దూరంగా కొండో గుడో వాటర్ ట్యాంకో ఉంటే ఫ్రేములోకి రానివ్వండి. అది కదలదు కాబట్టి రేపు చోటు కనిపెట్టడానికి పనికొస్తుంది. పండగ రోజు కాదు, మామూలు మంగళవారం తీయండి. పండగ రోజు వీధి మేకప్ వేసుకుని ఉంటుంది.

కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్ చేసుకోండి. అప్పుడు తేదీ, చోటు ఫొటో ఫైల్‌లోనే దాక్కుంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, చోటు సమాచారం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఫైల్ పేరులో వీధి పేరు, ఏడాది రాయండి. ఏడాదికి నాలుగైదు ఫొటోలు ప్రింట్ తీయించి, వెనకాల బాల్‌పెన్నుతో రాసి పెట్టండి. మా పెట్టెలో 40 ఏళ్లు బతికింది ప్రింటే కదా. నా 2012 ఫోన్‌లోవి ఎప్పుడో పోయాయి.

రెండు జాగ్రత్తలు. ఒకటి, వైజాగ్ లాంటి ఊళ్లో నేవీ, పోర్టు ప్రాంతాల్లో ఫొటో తీయొద్దని బోర్డులుంటాయి. ఆ బోర్డు చూస్తే ఫోన్ జేబులో పెట్టేయండి, వాదించొద్దు. రెండు, మనుషుల్ని అడిగి తీయండి. ఫిషింగ్ హార్బర్‌లో ఒక అక్క నన్ను బాగా అడిగేసింది, "మా చేపలు కొనవు, మా బొమ్మలు మాత్రం కావాలేటి?" అని. నిజమే కదా! ఆ రోజు వంజరం కొని ఇంటికెళ్లాను. తర్వాతి వారం తనే పిలిచి మరీ ఫొటో తీయించుకుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది చివర్లో చెబుతున్నా. తీసిన ఫొటోలు మీ వీధిలో అందరికంటే పెద్దవాళ్లకి చూపించండి. "ఇక్కడ ముందు ఏముండేది?" అని అడిగి, వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. ఫొటో ఇవాళ్టిది, మాట నిన్నటిది. రెండూ కలిస్తేనే అది చరిత్ర.

నేను ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే వన్‌టౌన్ వెళుతున్నా. ఒక్కో వారం ఒక్కో సందు. వచ్చాక టీవీలో పెద్దగా పెట్టి అమ్మమ్మకి చూపిస్తున్నా. ఇంకా కనిపిస్తున్నాయి. పోయిన వారం వేలంపేట ఫొటోలు చూసి, "ఈ మలుపులోనే మీ అమ్మ తప్పిపోయింది, మూడేళ్ల పిల్ల" అంది. మా అమ్మకే తెలీదు ఆ సంగతి! వంటింట్లోంచి గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, "నేను తప్పిపోయానా? ఎప్పుడు?" అని.

వచ్చే వారం బురుజుపేట వైపు వెళుతున్నా. మీరు కూడా ఈ ఆదివారం పొద్దున్న, ఎండెక్కకముందే, మీ వీధి చివరిదాకా ఒకసారి నడవండి. మీ ఊరు భీమిలి కావచ్చు, మచిలీపట్నం కావచ్చు, సముద్రమే లేని సూర్యాపేట కావచ్చు. ఓ పది ఫొటోలు తీయండి చాలు.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.